పొలుసు కింద పొంగే నెత్తురు

సోరియాసిస్ మచ్చ ఎందుకు ఎర్రబడుతుంది? పొట్టు గీరితే రక్తం చుక్కలుగానే ఎందుకు వస్తుంది? చర్మం లోపలి సన్నని నాళాలను అడిగితే తెలిసే సంగతులు ఇవి.

సోరియాసిస్ మచ్చ మీది పొట్టును గోటితో గీరకుండా ఉండటం చాలామందికి చేతకాదు. మోచేతి మీదో, మోకాలి మీదో, తలలో జుట్టు అంచునో వెండి రంగు పొట్టు రేకులు రేకులుగా లేచి కనిపిస్తూనే ఉంటుంది. గీరితే రాలుతుంది. ఇంకాస్త గీరితే అడుగున పలుచగా, తడిగా మెరిసే పొర తగులుతుంది. దాన్నీ లాగేస్తే ఎర్రటి చుక్కలు పొడుచుకొస్తాయి. సూదిమొనంత చిన్నవి, విడివిడిగా, దాదాపు సమాన దూరంలో.

బ్లేడు తెగితే రక్తం గీతగా వస్తుంది. కిందపడి చర్మం దోక్కుపోతే ఆ మేరంతా చెమరుస్తుంది. సోరియాసిస్ మచ్చ మాత్రం చుక్కలు పెడుతుంది. 19వ శతాబ్దంలో వియన్నాలో పనిచేసిన చర్మవైద్యుడు హైన్‌రిక్ ఆస్పిట్జ్ పేరు మీద వైద్యులు దీన్ని ఆస్పిట్జ్ గుర్తు అంటారు. ఆయనకు ముందే మరికొందరు దీన్ని గమనించారు. పేరు మాత్రం ఆయనకు దక్కింది. సోరియాసిస్ ఉన్న ప్రతి ఒక్కరిలోనూ ఇది కనిపించదు. వేరే కొన్ని చర్మవ్యాధుల్లోనూ కనిపించవచ్చు. అందువల్ల దీని ఒక్కదాన్నే నమ్ముకుని ఇప్పుడెవరూ జబ్బును తేల్చరు. కానీ ఈ చుక్కలు లేవనెత్తే ప్రశ్న మాత్రం గట్టిది. చర్మపు పైపొరలో అసలు రక్తనాళాలే ఉండవు. మరి పైపొరను గీరితే ఈ రక్తం ఎక్కడిది?

పైపొరలో నాళమే లేదు

చర్మంలో పైన ఉండేది బాహ్యచర్మం, దాని కిందిది అంతశ్చర్మం. ఒంటి మీద చాలా చోట్ల బాహ్యచర్మం మందం మిల్లీమీటరులో పదో వంతుకు అటూఇటూ మాత్రమే. దాని కణాలు అడుగు వరసలో పుట్టి, మెల్లగా పైకి జరుగుతూ, చదునై, చివరకు చచ్చి కంటికి ఆనని పొట్టుగా రాలిపోతాయి. ఈ ప్రయాణానికి మామూలుగా నాలుగు వారాలు పడుతుంది. అన్ని రోజులూ వాటికి కావలసిన ఆక్సిజను, గ్లూకోజు కింది పొర నుంచి ఊరుతూ రావలసిందే.

రెండు పొరలు కలిసే చోటు చదునుగా ఉండదు. అంతశ్చర్మం లెక్కలేనన్ని చిన్న బొడిపెలుగా పైపొరలోకి పొడుచుకొని ఉంటుంది. ఒక్కో బొడిపెలోకి ఒక్కో రక్తకేశనాళిక ఎక్కి, కొసన మలుపు తిరిగి, మళ్లీ కిందికి దిగుతుంది. ఎక్కే పాయ రక్తం తెస్తుంది, దిగే పాయ తీసుకుపోతుంది. బాహ్యచర్మానికి తిండి అందించేది ఈ మలుపులే.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో సేద్యం ఎరిగినవాళ్లకు మిగతా ఏర్పాటు ఇట్టే అర్థమవుతుంది. అక్కడ పంట కాలువ ఒక్కటీ ఉంటే చాలదు, మురుగు కాలువ కూడా కావాలి. ఒకటి చేలోకి నీళ్లు తెస్తుంది, రెండోది మిగిలిన నీటిని బయటికి లాగుతుంది. రెండో కాలువ పనిచేయకపోతే మొదటి కాలువ ఎంత మంచిదైనా చేను ముంపులోనే ఉంటుంది. చర్మంలో పంట కాలువ పని రక్తనాళాలది. మురుగు కాలువ పని శోషరస నాళాలది. డాక్టర్లు లింఫ్ నాళాలు అనేది వీటినే.

రక్తకేశనాళిక గోడలోంచి ప్లాస్మా ఎప్పుడూ కొంత బయటికి ఊరుతూనే ఉంటుంది. అలా ఊరిన ద్రవంలో చాలా భాగం తిరిగి రక్తకేశనాళికల్లోకే పోతుందని పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పాయి. అందులో ఎక్కువ భాగాన్ని మోసుకుపోయేది లింఫ్ నాళాలేనన్నది ఇప్పటి అవగాహన. లింఫ్ నాళం మొదలు మూసుకొని ఉంటుంది. దాని గోడలోని కణాల అంచులు ఒకదాని మీదికి ఒకటి ఒరిగి ఉంటాయి. సన్నని సాగే పోగులు ఆ అంచులను చుట్టుపక్కల కణజాలానికి కట్టి ఉంచుతాయి. చర్మంలో నీరు చేరి ఉబ్బితే ఆ పోగులు బిగుసుకుని అంచులను లాగుతాయి. సందులు తెరుచుకుంటాయి. ద్రవం లోపలికి పోతుంది, వెనక్కి మాత్రం రాదు. అక్కడి నుంచి లింఫ్ గ్రంథుల గుండా సాగి, మెడ మొదట్లోని పెద్ద సిరలో కలుస్తుంది. కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్లలు కడతాయే, ఆ గ్రంథులే ఇవి.

లింఫ్ నాళాలు మోసేది నీటినొక్కదాన్నే కాదు. చర్మంలో కాపలా తిరిగే రోగనిరోధక కణాలు తమకు తారసపడిన వాటి ఆనవాళ్లతో గ్రంథులకు చేరేదీ ఈ దారినే. ఈ సంగతి మళ్లీ అవసరపడుతుంది.

చుక్కల గుట్టు

సోరియాసిస్ మచ్చలోంచి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెడితే ముందుగా కొట్టొచ్చినట్టు కనిపించేది బాహ్యచర్మం మందం. కణాలు విపరీతమైన వేగంతో పుడుతుంటాయి. నాలుగు వారాల ప్రయాణం 3 నుంచి 5 రోజుల్లో ముగిసిపోతుంది. పక్వానికి రాకముందే పైకి చేరిన కణాలు సరిగ్గా రాలవు. ఒకదానికొకటి అంటుకుని పొరలు పొరలుగా పేరుకుంటాయి. మనకు కనిపించే వెండి పొలుసు ఇదే.

కాస్త కిందికి చూస్తే అసలు జవాబు ఉంది. బొడిపెలు మామూలుకన్నా చాలా పొడవుగా సాగి, దాదాపు పైదాకా పొడుచుకొచ్చి ఉంటాయి. వాటి మధ్య భాగాల్లో బాహ్యచర్మం మందంగా ఉన్నా, ప్రతి బొడిపె నెత్తి మీద మాత్రం బాగా పలుచబడి ఉంటుంది. లోపలి కేశనాళిక మలుపు సాగి, ఉబ్బి, మెలికలు తిరిగి ఉంటుంది. పొలుసు గీరితే ముందు తెగేది ఆ పలుచని చోటే. దాని వెంటనే కింద ఉన్న మలుపు చిట్లుతుంది. అంటే ఒక్కో రక్తపు చుక్క ఒక్కో బొడిపె. అందుకే చుక్కలు విడివిడిగా వస్తాయి, అందుకే వాటి మధ్య దూరం ఇంచుమించు సమానంగా ఉంటుంది.

ఇది చూడటానికి రక్తం కళ్లజూడనక్కర్లేదు. చర్మవైద్యుల చేతిలో ఉండే డెర్మోస్కోపు అనే చిన్న పరికరం మచ్చను సుమారు పది రెట్లు పెద్దదిగా చూపిస్తుంది. పొలుసు మీద కాస్త జెల్ రాసి, పరికరాన్ని నొక్కకుండా ఆనించి చూస్తే లేత ఎరుపు నేల మీద ఎర్రటి చుక్కలు మచ్చంతా ఒకే తీరుగా పరుచుకొని కనిపిస్తాయి. అవి పైనుంచి చూస్తే కనబడే కేశనాళికల కొసలు. చుక్కలు అలా సమంగా ఉంటే వైద్యుడి అనుమానం సోరియాసిస్ వైపు బలపడుతుంది.

మార్పు ఆకారంతో ఆగలేదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఇర్విన్ బ్రేవర్‌మన్ 1970లలో ఈ మలుపులను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పరిశీలించాడు. మామూలు చర్మంలో బొడిపె లోపలి మలుపు గోడకు ధమని లక్షణాలు ఉంటాయి, గోడ గట్టిగా ఉంటుంది. సోరియాసిస్ మచ్చలో అదే మలుపు సిర లక్షణాలు తెచ్చుకుంది. గోడలో అక్కడక్కడా అతి పలుచని రంధ్రాల్లాంటి చోట్లు కనిపించాయి. అలాంటి గోడ ప్లాస్మాను తేలిగ్గా వదిలేస్తుంది, తెల్లకణాలకూ తేలిగ్గా దారిస్తుంది. చికిత్సతో మచ్చ తగ్గినప్పుడు మలుపు మళ్లీ ధమని స్వభావానికి తిరిగి వచ్చింది. అంటే నాళం శాశ్వతంగా పాడైపోలేదు, జబ్బు ఉన్నంతసేపు వేషం మార్చింది.

హెర్మన్ పింకస్, ఎ.హెచ్. మెహ్రెగాన్ అనే పరిశోధకులు 1966లో ఇంకో విచిత్రం వర్ణించారు. సోరియాసిస్ బొడిపెల కొసలు నిలకడగా కారవు. ఉండుండి ఒక్కో బొడిపె ఒక్కోసారి కాస్త ప్లాస్మానూ, కొన్ని తెల్లకణాలనూ పైపొరలోకి చిమ్ముతుంది. అలా చిమ్మిన తెల్లకణాలు పొలుసు అరల్లో చిన్న గుంపులుగా చిక్కుకుంటాయి. సోరియాసిస్ ముక్కను పరీక్షించే పాథాలజిస్టు వెతికే గుర్తుల్లో ఆ గుంపులు ఒకటి.

> గోధుమ వన్నె చర్మంలో ఎరుపు ఏమవుతుంది?
>
> పాశ్చాత్య వైద్య పుస్తకాల్లోని బొమ్మలు చూసి సోరియాసిస్ అంటే గులాబీ ఎరుపు అనుకుంటే మనవాళ్లలో చాలామంది జబ్బు గుర్తుపట్టలేం. ఎరుపు రక్తానిది, అది కింద ఉంటుంది. దాని పైన చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎక్కువగా ఉంటే ఎరుపు ఊదాగానో, బూడిద రంగుగానో, ముదురు గోధుమగానో కనిపిస్తుంది. నాళాల ఉబ్బు మాత్రం అంతే ఉంటుంది.
>
> చర్మవైద్యులు దీనికి ఒక తేలిక పరీక్ష చేస్తారు. గాజు పలకను మచ్చ మీద మెల్లగా నొక్కి చూస్తారు. నాళాల్లోని రక్తం పక్కకు తప్పుకుని రంగు వెలిస్తే అది రక్తం వల్ల వచ్చిన ఎరుపు. నొక్కినా గోధుమ రంగు అలాగే ఉంటే అది మెలనిన్ మిగిల్చిన మరక. సోరియాసిస్ తగ్గాక మిగిలే నల్లటి లేదా తెల్లటి మరక జబ్బు కాదు. దానికి కొన్ని నెలలు ఓపిక పట్టాలి, ఘాటు మందులు పట్టించకూడదు.

నాళాలను పిలిచింది ఎవరు?

కణాలు అంత వేగంగా పెరుగుతుంటే వాటికి తిండి ఎక్కువ కావాలి, కాబట్టి నాళాలు పెరిగాయి. వినడానికి ఇది సబబుగానే ఉంటుంది. ఇందులో కొంత నిజమూ ఉంది. కానీ విస్తరిస్తున్న మచ్చ అంచును పరీక్షించినవాళ్లకు వరస తిరగబడి కనిపించింది. ఇంకా పొలుసు కట్టని, పైకి మామూలుగానే ఉన్న అంచులో నాళాలు అప్పటికే ఉబ్బి, రక్తప్రవాహం పెరిగి ఉంది. నాళాలు ముందు మారాయి, పొలుసు తర్వాత వచ్చింది.

బోస్టన్ శస్త్రవైద్యుడు జూడా ఫోక్‌మన్ 1971లో ఒక మాట అన్నాడు. క్యాన్సర్ గడ్డ పెరగాలంటే తనకోసం కొత్త రక్తనాళాలను రప్పించుకోవాలి, ఆ రప్పించుకోవడాన్ని ఆపితే గడ్డ పెరుగుదల ఆగుతుంది అని. మరుసటి ఏడాదే ఆయన అదే ఆలోచనను సోరియాసిస్‌కు వర్తింపజేస్తూ వ్యాసం రాశాడు. నాళాలను రప్పించే ఆ రసాయనం ఏదో మాత్రం అప్పటికి చేతికి చిక్కలేదు.

హెరాల్డ్ డ్వొరాక్, డోనాల్డ్ సెంగర్ 1983లో రక్తనాళాలను ఊరేలా చేసే ఒక ప్రొటీన్‌ను వర్ణించారు. నపోలియోన్ ఫెరారా బృందం 1989లో నాళాలను పెంచే ప్రొటీన్‌ను విడదీసింది. రెండూ ఒకటేనని తేలింది. దానికి నిలిచిన పేరు వీఈజీఎఫ్. నాళం గోడలోని కణాలకు అది ఒకేసారి రెండు ఆదేశాలిస్తుంది, పెరగమని, ఊరమని. 1994లో మైఖేల్ డెట్‌మార్, ఆయన సహచరులు సోరియాసిస్ మచ్చల్లో ఈ ప్రొటీన్ మోతాదుకు మించి తయారవుతోందని చూపించారు. తయారుచేస్తున్నది నాళాలు కావు, వాటి పైనున్న బాహ్యచర్మ కణాలే. తనలో ఒక్క నాళమూ లేని పొర కింది నాళాలను తనవైపు లాక్కుంటోందన్నమాట.

2003లో వెలువడిన ఎలుకల ప్రయోగం ఇంకో అడుగు ముందుకు వేసింది. జన్యుమార్పిడితో బాహ్యచర్మంలో వీఈజీఎఫ్ ఎక్కువగా తయారయ్యేలా చేసిన ఎలుకలకు వయసు మీద పడేకొద్దీ సోరియాసిస్‌ను పోలిన మచ్చలు వచ్చాయి. చర్మం మందమైంది, నాళాలు మెలికలు తిరిగాయి, తెల్లకణాలు గుమిగూడాయి. వీఈజీఎఫ్‌ను పట్టి బంధించే మందు ఇస్తే చర్మం మళ్లీ మామూలైంది. ఎలుక చర్మం మనిషి చర్మం కాదు, సోరియాసిస్ మనుషుల జబ్బు. అయినా ఒక విషయం స్పష్టం. నాళాలు జబ్బుకు బలైనవి మాత్రమే కావు, జబ్బును నడిపించేవాటిలో అవీ ఉన్నాయి.

ఇక్కడ కారణాలు గుండ్రంగా తిరుగుతాయి. వారసత్వంగా వచ్చిన జన్యువుల వల్లో, గొంతు నొప్పి, గాయం, కొన్ని మందులు, మానసిక ఒత్తిడి వంటివి రేపడం వల్లో చర్మంలోని టి కణాలు అనే తెల్లకణాలు రెచ్చిపోతాయి. ఐఎల్-23 అనే సంకేత ప్రొటీన్ వాటిని ఎగదోస్తుంది. అవి ఐఎల్-17 వదులుతాయి, దానికి టీఎన్‌ఎఫ్ తోడవుతుంది. ఈ సంకేతాలు అందిన బాహ్యచర్మ కణాలు వేగంగా చీలుతూ వీఈజీఎఫ్ వదులుతాయి. నాళాలు ఉబ్బి, ఊరి, మరిన్ని తెల్లకణాలను లోపలికి తెస్తాయి. ఆ తెల్లకణాలు మళ్లీ అవే సంకేతాలు వదులుతాయి. ఒకసారి ఈ చక్రం తిరగడం మొదలైతే రేపిన కారణం పోయినా చక్రం ఆగదు. గొంతు నొప్పి వారంలో తగ్గినా మచ్చ నెలల తరబడి ఉండిపోయేది ఇందుకే.

తెల్లకణం ఎలా దిగుతుంది?

రక్తంలో కొట్టుకుపోయే తెల్లకణం సరిగ్గా మోచేతి దగ్గరే ఎందుకు దిగాలి? దిగే చోటును నాళమే చూపిస్తుంది. మంట రేగిన చోట నాళం లోపలి గోడ మీద ఈ-సెలెక్టిన్ అనే అణువులు మొలుస్తాయి. చర్మానికి అలవాటుపడ్డ టి కణాల మీద వాటికి సరిపోయే పట్టు ఉంటుంది. తగులుతూ వదులుతూ కణం వేగం తగ్గి గోడ వెంట దొర్లుతుంది. తర్వాత ఐసీఏఎం-1 అనే మరో అణువు దాన్ని గట్టిగా పట్టి నిలబెడుతుంది. నిలబడ్డ కణం గోడ కణాల సందుల్లోంచి నలిగి దూరి బయటికి వస్తుంది.

ఈ పట్టును తప్పిస్తే జబ్బు ఆగుతుందా? వైద్యులు రెండు రకాలుగా ప్రయత్నించారు. ఈ-సెలెక్టిన్‌ను అడ్డుకునే యాంటీబాడీని రోగులకు ఇచ్చి చూశారు. పని చేయలేదని 2002లో తేలింది. రెండో పట్టును విడదీసే ఎఫలిజుమాబ్ అనే మందు పని చేసింది. 2003లో అమెరికాలో అనుమతి పొందింది. కానీ తెల్లకణాలకు చర్మంలోనే కాదు, ఒంట్లో ఎక్కడైనా దిగే అవసరం ఉంటుంది. ఆ మందు వాడినవారిలో కొద్దిమందికి మెదడులో ప్రాణాంతకమైన వైరస్ జబ్బు వచ్చింది. 2009లో మందును మార్కెట్ నుంచి తీసేశారు. అన్ని తూములూ ఒకేసారి మూస్తే ఎండేది ముంపు చేను ఒక్కటే కాదు.

పైగా దిగవలసిన కణాల్లో కొన్ని ఎప్పుడో దిగి కాపురం పెట్టేశాయి. సోరియాసిస్ రోగుల ఒంటి మీద మచ్చలేని, మామూలుగా కనిపించే చర్మాన్ని తీసి, రోగనిరోధక శక్తి లోపించిన ఎలుకలకు అతికించిన ప్రయోగం ఒకటి 2004లో వెలువడింది. కొత్తగా ఏ తెల్లకణమూ వచ్చి చేరకుండానే ఆ చర్మం మీద సోరియాసిస్ లేచింది. ఆ చర్మంలోనే దాగిన టి కణాలు దాన్ని లేపాయి. మందు ఆపగానే మచ్చ పాత చోటే తిరగబెట్టడానికి ఇలా చర్మంలో స్థిరపడిన టి కణాలు ముఖ్య కారణమని ఇప్పుడు భావిస్తున్నారు.

మురుగు కాలువ సంగతి

రక్తనాళాల మీద ఇంత పరిశోధన జరుగుతుంటే లింఫ్ నాళాల వైపు చాలాకాలం ఎవరూ పెద్దగా చూడలేదు. చూడాలన్నా కష్టమే. వాటిలో ఎర్రకణాలు ఉండవు, గోడలు మరీ పలుచన, కణజాలం కోసి గాజు మీద పెట్టేసరికి ముడుచుకుపోతాయి. రక్తకేశనాళికకూ, లింఫ్ నాళానికీ తేడా చెప్పగల గుర్తు ప్రొటీన్లు 1990ల చివర్లో దొరికాకే పని ఊపందుకుంది.

ఆ గుర్తులతో చూస్తే సోరియాసిస్ మచ్చలో లింఫ్ నాళాలు కూడా వెడల్పై, విస్తరించి కనిపించాయి. వాటిని పెంచే ప్రొటీన్లు ముఖ్యంగా వీఈజీఎఫ్-సి, వీఈజీఎఫ్-డి. రక్తనాళాలను పెంచే అసలు వీఈజీఎఫ్ కూడా వీటి మీద కొంత పని చేస్తుంది. మరి మురుగు కాలువలు వెడల్పైతే ముంపు తీరాలి కదా, మచ్చలో వాపు ఎందుకు మిగిలిపోతోంది?

మొదటి కారణం, వచ్చి పడే ద్రవం ఎక్కువ. రెండోది, వెడల్పు వేరు, పారుదల వేరు. ఎలుకల్లో వీఈజీఎఫ్ ప్రభావంతో పెరిగిన లింఫ్ నాళాలు బాగా ఉబ్బి ఉన్నా, వాటి కవాటాలు సరిగ్గా మూసుకోక ప్రవాహం మందకొడిగా సాగినట్టు 2002లోనే గమనించారు. తూము పాడై, గట్లు జారిన మురుగు కాలువ ఎంత వెడల్పున్నా నీరు నిలిచే ఉంటుంది.

అసలు వివాదం ఇంకొకటి. లింఫ్ నాళాలు పెరగడం రోగికి మేలా, కీడా? చర్మంలోని కాపలా కణాలు గ్రంథులకు చేరి కొత్త టి కణాలను రెచ్చగొట్టేది ఈ దారినే కాబట్టి కీడే అనుకోవచ్చు. ద్రవాన్నీ, మంట రేపే రసాయనాలనూ, పని అయిపోయిన కణాలనూ ఖాళీ చేసేదీ ఈ దారే కాబట్టి మేలనీ అనుకోవచ్చు. జూరిక్‌లోని డెట్‌మార్ బృందం 2010లో దీన్ని ఎలుకల్లో తేల్చి చూసింది. చర్మంలో దీర్ఘకాలపు మంట ఉన్న ఎలుకల్లో లింఫ్ నాళాలను పెంచే సంకేతాన్ని ఎగదోస్తే మంట తగ్గింది. ఆ సంకేతాన్ని అడ్డుకుంటే వాపు ముదిరింది. 2018లో అదే బృందం వీఈజీఎఫ్-సిని ఒక యాంటీబాడీకి తగిలించి మంట ఉన్న చర్మానికే చేరేలా పంపితే ఎలుకల్లో ఫలితం బాగుందని ప్రకటించింది.

అంటే వైద్యానికి రెండో దారి కూడా ఉందన్నమాట. వచ్చే నీటిని ఆపడమే కాదు, పోయే నీటికి దారి సరిచేయడం. ఇది మనుషుల చికిత్సగా ఇంకా రాలేదు. తొందరపడకపోవడానికి కారణమూ ఉంది. కొన్ని క్యాన్సర్లు లింఫ్ నాళాల గుండానే పాకుతాయి. వాటిని పెంచే మందును ఎవరికి, ఎంతకాలం ఇవ్వవచ్చో తేల్చకుండా వాడటం ప్రమాదం.

> చర్మం దాటి వెళ్లే మంట
>
> తీవ్రమైన సోరియాసిస్ ఉన్నవారికి గుండెపోటు ముప్పు మిగతావారికన్నా ఎక్కువని, చిన్న వయసువారిలో ఈ తేడా మరింత స్పష్టమని బ్రిటన్ రోగుల రికార్డుల ఆధారంగా 2006లో వెలువడిన అధ్యయనం చెప్పింది. చర్మంలో రేగే మంట సంకేతాలు రక్తంలోనూ తిరుగుతాయి. పెద్ద ధమనుల గోడల్లోనూ మంట ఉన్నట్టు స్కానింగుల్లో కనిపించింది. ఊబకాయం, మధుమేహం, అధిక రక్తపోటు ఈ రోగుల్లో ఎక్కువగా కలిసి ఉండటం మరో కారణం. కాబట్టి సోరియాసిస్ ఉన్నవారు బీపీ, షుగరు, కొలెస్ట్రాలు చూపించుకోవడం, పొగ మానేయడం వైద్యంలో భాగమే.
>
> మంట ఒళ్లంతా పాకి చర్మం మొత్తం ఎర్రబడితే అది అత్యవసర స్థితి. ఒంటి మీది నాళాలన్నీ ఒకేసారి విచ్చుకుంటాయి. ఒంట్లోని వేడి, నీరు, ప్రొటీన్లు చర్మం గుండా పోతాయి. అంత రక్తాన్ని చర్మానికి తోడలేక గుండె అలసిపోతుంది. వణుకు, జ్వరం, కాళ్ల వాపు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మందులు నాళాలను ఏం చేస్తాయి?

స్టెరాయిడ్ ఆయింట్‌మెంటు రాసిన మర్నాటికే మచ్చ ఎరుపు తగ్గుతుంది. కారణాల్లో ఒకటి నాళాలు ముడుచుకోవడం. ఈ గుణం ఎంత నికరమైనదంటే, 1962లో మెకెంజీ, స్టౌటన్ దీన్నే కొలబద్దగా చేశారు. ముంజేతి మీద స్టెరాయిడ్ రాసి, చర్మం ఎంత పాలిపోయిందో చూసి మందు బలాన్ని అంచనా వేసే ఆ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. మంటనూ స్టెరాయిడ్లు తగ్గిస్తాయి. చిక్కేమిటంటే, బలమైన స్టెరాయిడ్ నెలల తరబడి రాస్తే చర్మం పలుచబడి, నాళాలు శాశ్వతంగా సన్నని ఎర్ర గీతలుగా పైకి తేలతాయి. ఏ ఎరుపు పోవాలని రాశామో అది మరో రూపంలో మిగులుతుంది.

ఇంతకన్నా పెద్ద ముప్పు మాత్రలు, ఇంజెక్షన్ల రూపంలో ఇచ్చే స్టెరాయిడ్లది. మన ఊళ్లలో అర్హత లేనివారు ఇచ్చే ఇంజెక్షనుతో వారంలో మచ్చ మాయమైతే హస్తవాసి మంచిదని మురిసిపోతాం. ఆ మందు ఆగాక జబ్బు ఇంతకింతై తిరగబెట్టవచ్చు. కొందరిలో చీము పొక్కులతోనో, ఒళ్లంతా ఎర్రబడుతూనో వస్తుంది. మందుల షాపులో అడిగి కొన్న ట్యూబుల్లో ఏముందో తెలియకుండా రాయడమూ ఇలాంటిదే.

పరిమితమైన తరంగాల అతినీలలోహిత కాంతి చికిత్స, మెథోట్రెక్సేట్ వంటివి కణాల మంటను తగ్గిస్తాయి, దాంతో నాళాలూ సర్దుకుంటాయి. నేరుగా నాళాలకే గురిపెట్టేది పల్స్‌డ్ డై లేజర్. దాని 585 లేదా 595 నానోమీటర్ల కాంతిని ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్ పీల్చుకుని వేడెక్కుతుంది. ఆ వేడికి ఉబ్బిన కేశనాళిక మూతపడుతుంది. ఎంతకూ లొంగని ఒకటి రెండు చిన్న మచ్చలకే ఇది వాడతారు, ఒళ్లంతా చేసే చికిత్స కాదు.

టీఎన్‌ఎఫ్, ఐఎల్-17, ఐఎల్-23లను అడ్డుకునే బయోలాజిక్ ఇంజెక్షన్లు చక్రాన్ని ఎగువనే ఆపుతాయి. టి కణాల మీది సీడీ6 అనే అణువును పట్టుకునే ఇటోలిజుమాబ్‌ను బెంగళూరుకు చెందిన బయోకాన్ తీసుకురాగా, 2013లో మన దేశంలో సోరియాసిస్‌కు అనుమతి లభించింది. ఈ కోవ మందులు ఖరీదైనవి. ముఖ్యంగా టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే మందులు ఒంట్లో నిద్రాణంగా ఉన్న క్షయను లేపగలవు. అందుకే మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష తప్పనిసరి.

మరి వీఈజీఎఫ్‌ను అడ్డుకునే క్యాన్సర్ మందులు ఉన్నాయి కదా, సోరియాసిస్‌కు ఇవ్వకూడదా? క్యాన్సర్ కోసం అవి తీసుకున్న కొందరిలో సోరియాసిస్ కూడా తగ్గినట్టు విడివిడి కేసులు నమోదయ్యాయి. అయితే వాటితోపాటు వేరే క్యాన్సర్ మందులూ ఇచ్చిన సందర్భాలున్నాయి కనుక ఘనత ఎవరిదో చెప్పడం కష్టం. రక్తపోటు పెరగడం, రక్తస్రావం, గాయాలు మానకపోవడం ఆ మందులతో వచ్చే చిక్కులు. ఏళ్ల తరబడి వైద్యం కావలసిన చర్మ జబ్బుకు అంత మూల్యం చెల్లించడం తగదు. సోరియాసిస్‌కు వాటిని అనుమతించలేదు.

గీరకండి, మధ్యలో ఆపకండి

ఈ కథంతా రోగి చేతికి ఇచ్చే సలహాలు కొన్ని ఉన్నాయి. పొలుసు గీరకండి. గీరిన చోట ఒక్కో చుక్కా ఒక్కో గాయం, సోరియాసిస్ చర్మానికి గాయమే కొత్త మచ్చకు పిలుపు. గాయమైన చోట మచ్చ లేచే ఈ లక్షణాన్ని 1870లలోనే జర్మన్ వైద్యుడు హైన్‌రిక్ కోబ్‌నర్ గుర్తించాడు. స్నానం తర్వాత తడి ఆరకముందే వాజలైనో కొబ్బరినూనెనో రాస్తే పొలుసు మెత్తబడి దానంతటదే వదులుతుంది.

పొలుసు రాలిపోగానే మందు ఆపేయకండి. చర్మం నునుపైనా, మచ్చ చోట ఎరుపు కనిపిస్తుంటే కింద నాళాలు ఇంకా సర్దుకోలేదని అర్థం. మందు ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు ఆపాలో చర్మవైద్యులే చెప్పాలి. ఇంట్లోవాళ్లకూ ఒక మాట. ఇది అంటుకునే జబ్బు కాదు. చెయ్యి కలిపినా, కంచం పంచుకున్నా రాదు. సోరియాసిస్‌కు శాశ్వతంగా నయం చేసే మందు ఇప్పటికీ లేదు, అదుపులో ఉంచే మందులు మాత్రం ఇంతకుముందు ఎన్నడూ లేనన్ని ఉన్నాయి. వారంలో మాయం చేస్తామనేవాళ్లను నమ్మకుండా, వాటిని సరైన చేతుల మీదుగా, ఓపికగా వాడుకోండి.